వదలమన్నప్పుడు

ఆసుపత్రి వెనక వీధి, మేడమీది గది

అన్నయ్యకి,

నీ చెల్లెలు రాస్తున్నది. మేం క్షేమమే అని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను. నీ దగ్గర ఒక సలహా కావాలి.

నీ మేనకోడలు పిడుగు విషయం. బడిలో గొడవలు ఎక్కువయ్యాయి. చొక్కా చిరిగి, చేతి కణుపులు చెక్కుకుపోయి ఇంటికొస్తోంది. ఏమైందే అంటే "పడ్డాను" అంటుంది. ఎవరైనా పిడికిలి మీద పడతారా? పెద్ద టీచరు నన్ను పిలిపించింది. ఇంకొక్క గొడవ జరిగితే బడిలో ఉంచుకోలేమని మొహం మీదే చెప్పేసింది. బయటికొస్తుంటే డ్రిల్లు మాస్టారు వెనకే వచ్చి, "కరాటేలాంటిది ఏదైనా నేర్పించండమ్మా, దారిలో పడుతుంది" అన్నాడు. వాకబు చేస్తే మా చుట్టుపక్కల అలాంటి బడులు మూడున్నాయి.

దాని నాన్న ఉంటే ఇద్దరం వెళ్లి చూసి ఏదో ఒకటి తేల్చుకునేవాళ్లం. ఆయన పోయిన రోజు నువ్వు దాన్ని ఎత్తుకుని, ఇకమీదట దీని మంచిచెడ్డలు నన్నడుగు అన్నావు. అందుకే అడుగుతున్నాను. పంపనా, వద్దా? పంపితే ఎలాంటి చోటికి?

నా పని ఎప్పటిలాగే ఉంది. కట్లు కట్టే గదిలో ఇంకో మనిషిని వేస్తామంటూనే ఉన్నారు, వేయలేదు. పొద్దున్నుంచి పిండికట్లు చుట్టి ఇంటికొచ్చేసరికి గోళ్ల సందుల్లో పిండి తెల్లగా ఎండిపోయి ఉంటుంది. పిడుగు పక్కన కూర్చుని దాన్ని గిల్లి గిల్లి తీస్తుంది. ఆయన పోయాక అది నా దగ్గర కుదురుగా కూర్చునేది ఆ కాసేపే.

జవాబు త్వరగా రాయి.

చెల్లి

*

బస్సు డిపో, బ్రేకుల షెడ్డు

చెల్లెమ్మా,

నీ ఇంటికి శాంతి కలగాలని రోజూ అడుగుతున్నాను. నీ ఉత్తరం చదివాక నాకే శాంతి లేకుండా పోయింది.

సూటిగా అడుగుతాను. మన పిల్లని కొడుతున్నది ఎవరు? ఎవరి పిల్లలు? ఆ పెద్ద టీచరమ్మకి కళ్లు లేవా? తండ్రి లేని పిల్ల ఒంటి మీద దెబ్బలు కనబడుతుంటే, దెబ్బలు తిన్నదాన్నే బడిలోంచి తీసేస్తానంటుందా? అనాథ మొర పైన ఒకరు వింటారని ఆమెకి ఎవరూ చెప్పలేదా? నేను వచ్చి చెప్పనా?

అయినా సరే, పంపొద్దు! చేతులు ఎత్తవలసింది ప్రార్థనకి, ఎదుటివాడి దవడకి కాదు. ఈ చెంప మీద కొట్టినవాడికి ఆ చెంప కూడా చూపించమన్న బోధ కింద నిలబడిన ఇల్లు మనది. తన కోసం కత్తి దూసిన శిష్యుణ్ణి ప్రభువు మెచ్చుకున్నాడా? ఒరలో పెట్టమన్నాడు. తెగిపడిన శత్రువు చెవిని తిరిగి అంటించాడు. నేను ఏ కాలేజీలోనూ బోధ నేర్చుకున్నవాణ్ణి కాను. గ్రీజు అంటిన వేళ్లతో గ్రంథం తిప్పి తిప్పి నేర్చుకున్నవాణ్ణి. తన్నడం నేర్చుకొమ్మని ఏ పేజీలోనూ లేదు.

దానికి ఓర్పు నేర్పించు. ఓర్చుకున్నవాళ్లదే చివరికి భూమి. కొట్టేవాళ్ల ఊరూ పేరూ మాత్రం నాకు రాసి పంపు.

నీ అన్న

*

ఆసుపత్రి వెనక వీధి, మేడమీది గది

అన్నయ్యకి,

ఊళ్లో బస్సులన్నిటికీ బ్రేకులు వేస్తావు, నీ నోటికి మాత్రం వేసుకోవు. నీ ఉత్తరం చదువుతుంటే కింద వాటాలోవాళ్లకి కూడా వినబడిందేమో అనిపించింది.

నువ్వు వద్దన్నా నేను వెళ్లి చూశాను. కోప్పడకు. చూడడానికి ఏం పోయింది?

మొదటిది మెయిన్ రోడ్డు మీద ఉంది. అద్దాల గోడలు, గోడ నిండా పోటీల్లో గెలిచిన కప్పులు. అక్కడి సారు కుర్చీలోంచి లేవకుండానే, "ఏడాది తిరిగేలోగా బెల్టు మారుతుంది మేడమ్, ఆ పూచీ మాది" అన్నాడు. "పిల్లకి కోపం వస్తే దాన్ని ఏం చేసుకోవాలో నేర్పుతారా?" అని అడిగాను. నవ్వాడు. "కోపం పోగొడితే మాకు పోటీలకి ఎవరొస్తారు?" అన్నాడు.

రెండోది గోడౌను మీద. మెట్లెక్కుతుంటేనే అరుపులు. మాస్టారు ఒక పిల్లని మధ్యలో నిలబెట్టి, చుట్టూ ఉన్నవాళ్లచేత వంతులవారీగా కొట్టిస్తున్నాడు. "ఏడిస్తే మళ్లీ మొదట్నుంచీ!" అంటున్నాడు. భయం పోవాలంటే ఇదే మందట. పిడుగు నా చెయ్యి విడిపించుకుని ముందుకెళ్లి నిలబడింది. దాని కళ్లు మెరుస్తున్నాయి. నాకు ఆ మెరుపు నచ్చలేదు, దాన్ని లాక్కుని కిందికొచ్చేశాను.

మూడోది సైకిలు షాపు వెనక సందులో ఉంది. బోర్డు కూడా లేదు. తలుపు వేసి ఉంది. నేర్పేది ఒక పెద్దావిడట, ఊళ్లో లేదు.

కొట్టేవాళ్లెవరని అడిగావు. పిల్లల గొడవలు, ఎవరని చెప్పను? కాగితం మీద రాసేవి కావు. వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

చెల్లి

*

బస్సు డిపో, బ్రేకుల షెడ్డు

చెల్లెమ్మా,

నోటికి బ్రేకు అన్న ముక్క షెడ్డులో చదివి వినిపించాను. మా ఫోర్‌మన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "మీ చెల్లెలు మాకు తెలియనిది ఏం రాసింది?" అన్నాడు.

ఇప్పుడు అసలు మాట. నేను నీకు తప్పు చెప్పాను. ఆదివారం బోధ కోసం గ్రంథం తెరిస్తే ఆ గొర్రెల కాపరి కుర్రాడి దగ్గర తెరుచుకుంది. కొండంత మనిషి ఎదురుగా నిలబడి రోజూ తిడుతున్నాడు. సైన్యమంతా డేరాల్లో దాక్కుంది. రాజు తన కవచం ఇస్తే బరువని విప్పేసి, ఏటి ఒడ్డున గులకరాళ్లు ఏరుకుని వెళ్లి, ఒక్క రాయితో వాణ్ణి కూల్చాడు ఆ చిన్నవాడు. ఏ పేజీలోనూ లేదని నీకు రాసిన నేనే ఆదివారం గొంతు పోయేదాకా ఆ పేజీ చెప్పాను. ముసలివాళ్లు కూడా లేచి నిలబడ్డారు. చెబుతున్నంతసేపూ నా కళ్లముందు మన పిడుగే!

నువ్వు అటూ ఇటూ తేల్చుకోలేక ఉత్తరం సగంలో ఆపేస్తున్నావు. పిల్లల గొడవలు అంటున్నావు. నాకు అర్థమైంది. కొట్టేవాళ్లు పెద్దింటివాళ్లయి ఉంటారు, నువ్వు భయపడుతున్నావు. భయం వద్దు. ఆ రెండో బడికే పంపు. కళ్లు మెరిశాయన్నావు చూడు, అది నచ్చకపోవడమేమిటి? అది పైనుంచి వచ్చిన వెలుగు!

దానికి విడిగా రాసి, దాని పేరు మీదే పోస్టు చేస్తున్నాను. తన పేరున ఉత్తరం వస్తే పిల్లలకి ఎంత గొప్ప!

నీ అన్న

*

బస్సు డిపో

నా బంగారు పిడుగూ,

మామయ్య ముద్దులు. బడిలో నిన్ను ఎవరో ఏడిపిస్తున్నారని తెలిసింది. ఎదురుగా ఉన్నది ఎంత పెద్ద రాక్షసుడైనా వెనక్కి తగ్గకు. చిన్నవాళ్ల చేతిలోనే వాళ్లు కూలతారని రాసి ఉంది.

ఇంకో కథ చెబుతాను. పూర్వం ఒకాయన ఏటి ఒడ్డున తెల్లవార్లూ ఒక దేవదూతతో పెనుగులాడాడు. దూత విడిచిపెట్టమన్నాడు. ఈయన విడవలేదు. తొడ ఎముక జారినా విడవలేదు. అందుకే దీవెన దొరికింది. నువ్వూ అంతే. పట్టుకుంటే వదలకు. వదలమన్నా వదలకు. నీ వెనక పైనుంచి మీ నాన్న ఉన్నాడు, ఇక్కణ్ణుంచి నేనున్నాను.

మామయ్య

*

ఆసుపత్రి వెనక వీధి, మేడమీది గది

అన్నయ్యా,

ఎవరూ దాన్ని కొట్టడం లేదు. అదే కొడుతోంది.

ఈ మాట మొదటి ఉత్తరంలో రాయాల్సింది. కలం ఆడలేదు. నువ్వు దాని గురించి మీ ప్రార్థన గదిలో అందరికీ మురిసిపోతూ చెప్పుకుంటావని తెలుసు. తండ్రి పోయినప్పటినుంచీ దాని చెయ్యి ఊరుకోవడం లేదు. ఒకరి జుట్టు, ఒకరి పెదవి, ఒకరి కళ్లద్దాలు. కణుపులు చెక్కుకుపోయింది అందుకే. నువ్వు వేరేలా అర్థం చేసుకున్నావని తెలిసి కూడా దిద్దలేదు. నువ్వు దాని పక్షాన కోప్పడుతుంటే వినడానికి బాగుంది. అంతే, అంతకంటే కారణం లేదు.

నీ ఉత్తరం నేను డ్యూటీలో ఉండగా వచ్చింది. అదే తీసుకుంది. జేబులో పెట్టుకుని బడికి వెళ్లింది.

పక్క బెంచీలో ఒక పిల్ల ఉంది. గొంతు తప్ప ఒంట్లో ఏమీ లేని పిల్ల. "మీ నాన్న ఎప్పుడూ రాడేం?" అందట. తెలియక అడిగిందో, తెలిసి అడిగిందో. పిడుగు ఆ పిల్ల చెయ్యి వెనక్కి మెలిపెట్టి పట్టుకుంది. "వదులు, వదులు" అని ఆ పిల్ల ఏడ్చింది. టీచరు పరిగెత్తుకొచ్చేదాకా వదల్లేదు. ఎముక విరిగింది.

అప్పటికి నాకు ఇదేమీ తెలియదు. కట్ల గదిలో ఉన్నాను. ఒకావిడ పిల్లని ఎత్తుకుని వచ్చింది. బడిలో ఎవరో రాక్షసి చేసిందండీ అంటూ ఏడుస్తోంది. నేను పిండి తడుపుతూ ఆ పిల్ల మొహం చూశాను. ఆ పిల్ల నన్ను బడి గేటు దగ్గర చూసి ఉంది. గుర్తుపట్టింది. నాకు చెయ్యి ఇవ్వడానికి భయపడి తల్లి మెడ వెనక దాచుకుంది. అప్పుడు అర్థమైంది నాకు. నా కూతురు విరిచిన చేతికి నేనే కట్టు కట్టాను, అన్నయ్యా. పిల్ల చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆవిడ వెళ్తూ, "మీ చెయ్యి చల్లనిదమ్మా" అంది.

ఇంటికొచ్చి అడిగాను, వదలమంటే వినబడలేదా అని. "వినబడింది. మామయ్య వదలమన్నా వదలొద్దన్నాడు" అంది. ఏడవలేదు. ఉత్తరం మడతలు విప్పి ఆ లైను చూపించింది.

బడిలోంచి తీసేశారు.

చెల్లి

*

బస్సు డిపో, బ్రేకుల షెడ్డు

చెల్లెమ్మా,

ఆదివారం బోధ చెప్పలేదు. గ్రంథం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. పాట పాడి ఇంటికెళ్లండి అన్నాను.

కథల్లో తప్పు లేదు. ఎదురుగా ఉన్నదెవరో తెలుసుకోకుండా రాయి చేతికిచ్చాను. కొండంత మనిషి అనుకున్నాను. గొంతు తప్ప ఒంట్లో ఏమీ లేని పిల్లట.

నువ్వు దాచావని నేను అనను. నేను అడిగినవన్నీ కేకలే. కేకలేసేవాడికి ఎవరు మాత్రం నిజం చెబుతారు?

ఇక ఏ బడీ వద్దు. చెయ్యి ఎత్తడం నేర్పే చోటు ఏదైనా సరే, దాని గుమ్మం తొక్కనివ్వకు. దాన్ని ఇంట్లోనే పెట్టుకో.

అన్న

*

ఆసుపత్రి వెనక వీధి, మేడమీది గది

అన్నయ్యకి,

ఇంట్లో పెట్టుకుని ఏం చేయను? తలుపుకి గొళ్లెం పెట్టగలను, దాని చేతికి పెట్టలేను కదా. ఇంకో బడిలో చేర్చినా ఇంకో పక్క బెంచీ ఉంటుంది.

నువ్వు వద్దన్నావు, నేను వెళ్లాను. సైకిలు షాపు వెనక తలుపు తెరిచి ఉంది. లోపల నేల మీద పరిచిన మ్యాట్లు, ఒక బక్కెట్టు, ఒక కిటికీ, అంతే. ఆ పెద్దావిడని అందరూ గురువమ్మ అంటారు. నెరిసిన జుట్టు, చెవులు రెండూ మెలితిరిగి గట్టిపడి ఉన్నాయి. ఒకప్పుడు కుస్తీలు పట్టిందట. పిల్లలు అదే పనిగా పడుతున్నారు. వెనక్కి, పక్కకి, ముందుకి. మొదటి నెలంతా పడటమేనట, దెబ్బ తగలకుండా పడటం. తర్వాత ఒకరినొకరు పట్టుకోవడం. పట్టులో ఉన్నవాళ్లు అరచేత్తో రెండుసార్లు తడతారు. తట్టగానే పట్టుకున్నవాళ్లు వదిలేయాలి. "ఆ క్షణమే వదలాలి. ఈ గదిలో దీన్ని మించిన విద్య లేదు" అంది.

నేను మొత్తం చెప్పేశాను. కట్టు సంగతి కూడా. నీకు రాయడానికి అన్ని రోజులు పట్టింది, ఆవిడకి చెప్పడానికి నిమిషం పట్టలేదు.

ఆవిడ పిడుగు ముందు కూర్చుని మణికట్టు చాపింది. "పట్టుకో." ఇది పట్టుకుంది, పళ్లు బిగించి. ఆవిడ నేల మీద తట్టింది. ఇది వదల్లేదు. "నేను తట్టాను" అంది ఆవిడ. వదల్లేదు. ఆవిడ లాక్కోలేదు, అరవలేదు. గోడ మీద బల్లిని చూస్తున్నట్టు తాపీగా దాని మొహమే చూస్తూ కూర్చుంది. ఎంతసేపటికో దీని వేళ్లు అలిసి వాటంతటవే ఊడాయి. "చేరుస్తారా?" అని అడిగాను. "వదలొద్దని దీనికి చెప్పిందెవరు?" అంది. మా అన్నయ్య అన్నాను. "ఆయన్ని పిలిపించండి. ఆయన చెయ్యి వదలడంతో మొదలుపెడదాం."

ఇంటి పెద్దలు ఒకరైనా వచ్చి పిల్లతో పాటు మ్యాట్ మీద కూర్చోవడం అక్కడి రివాజు. నువ్వు రావాలి. రానంటే దాన్ని చేర్చుకోరు.

చెల్లి

*

బస్సు డిపో, బ్రేకుల షెడ్డు

చెల్లెమ్మా,

క్షేమంగా చేరాను. భుజం ఇంకా సలుపుతోంది. స్పానరు ఎడమచేత్తో తిప్పుతుంటే షెడ్డులో అందరూ అడుగుతున్నారు. మేనకోడలు పడేసిందని చెబుతున్నాను.

నువ్వు డ్యూటీకి వెళ్లాక ఆ గదిలో జరిగింది నీకు ఎదురుగా చెప్పలేకపోయాను.

నేను ఆదివారం చొక్కా వేసుకుని వెళ్లాను. గురువమ్మ నన్ను ఎగాదిగా చూసి, "బోధకులట కదా. ఇక్కడ మాట్లాడే పని ఉండదు, చొక్కా విప్పి బనీనుతో కూర్చోండి" అంది. బోర్లా పడుకోబెట్టింది. పిడుగు నా చెయ్యి వెనక్కి తిప్పి పట్టుకుంది. ఆ పిల్లని పట్టుకున్నట్టే. నొప్పి పుట్టగానే తట్టమంది ఆవిడ.

నేను తట్టలేదు. నొప్పి లేక కాదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇది నాకు రావలసిందే, ఆ పక్క బెంచీ పిల్ల పడ్డది నేనూ పడాలి, నోరెత్తకుండా పడాలి అనుకున్నాను. నేను నేర్చిందీ నేర్పిందీ అంతా ఓర్చుకోవడమే కదా. గొర్రె బొచ్చు కత్తిరించేవాడి ముందు నోరు తెరవదంటారే, అలా పడుకున్నాను. లోపల కాస్త గొప్పగా కూడా ఉంది, అబద్ధం ఎందుకు.

గురువమ్మ వచ్చి నా తల దగ్గర కూర్చుంది. "అయ్యగారూ, మీకు శిక్ష కావాలంటే ఇంటికెళ్లి వేసుకోండి. మీరు ఓర్చుకుంటుంటే పిల్లకి ఎలా తెలుస్తుంది, ఎక్కడ ఆపాలో? దాని చేత మీ భుజం కూడా విరిపించి పోదామనుకున్నారా?"

చెల్లీ, నా జీవితంలో ఎవరూ నాకు అంత చిన్న బోధ చేయలేదు.

తట్టాను. తడుతూ ఉండగానే పిడుగు నిప్పు ముట్టుకున్నట్టు చేతులు తీసేసింది. నా ముందుకొచ్చి, వంగి మొహంలోకి చూసింది. "నొప్పా మామయ్యా?"

"నొప్పే."

"మరి ముందే చెప్పొచ్చుగా!" అని కసిరింది. అప్పుడు ఏడ్చింది. ఆ పక్క బెంచీ పిల్లని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది.

అక్కడే చేర్పించు. నన్ను అడగక్కర్లేదు.

అన్న

*

ఆసుపత్రి వెనక వీధి, మేడమీది గది

అన్నయ్యకి,

ఇవాళ ఆ పిల్ల కట్టు విప్పడానికి వచ్చారు. కట్టు కోసే మిషను చేతిలోకి తీసుకోకముందే చెప్పాను. "అమ్మా, ఆ రాక్షసి నా కూతురు. ఆ రోజు చెప్పే ధైర్యం లేకపోయింది" అన్నాను.

ఆవిడ నా చేతుల వంక చూసింది. చేతులనే చూసింది, మొహం కాదు. "పక్క గదిలో ఇంకెవరైనా ఉన్నారా?" అంది. వార్డు బాయ్‌ని పిలిచాను. అతనే విప్పాడు. నేను గోడ దగ్గర నిలబడ్డాను. సన్నగా, పాలిపోయి వచ్చింది ఆ చెయ్యి. పిల్ల దాన్ని వేరేవాళ్లదైనట్టు ముట్టుకుని చూసుకుంది.

తలుపు దాకా వెళ్లి ఆవిడ ఆగింది. "ఇప్పుడు మీ పిల్లని ఏం చేస్తున్నారు?"

"వదలడం నేర్పేచోటికి పంపుతున్నాను" అన్నాను. సైకిలు షాపు గుర్తు చెప్పాను.

"మా పిల్లకి అరవడం తప్ప ఏదీ చేతకాలేదు ఆ రోజు" అంది. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. నేను అడగలేదు.

చెల్లి

*

మేడమీది గది

మామయ్యకి,

పిడుగు రాస్తున్నది. నీ ఉత్తరాలు ఇప్పుడు ముందు అమ్మ చదువుతుంది, తర్వాతే నాకిస్తుంది. నీ మీద నమ్మకం లేదట. నవ్వుతూనే అంది.

నేను వెనక్కి పడటం బాగా చేస్తున్నాను. పక్కకి ఇంకా రాలేదు. మొన్నటిదాకా అవతలివాళ్లు తట్టకముందే వదిలేసేదాన్ని. భయమేసేది. గురువమ్మ తిట్టింది. "ముందే వదిలితే విన్నట్టు కాదు. పట్టుకుని విను" అంది.

నిన్న ఆ అమ్మాయి వాళ్లమ్మతో వచ్చింది. చేర్పించడానికి. నన్ను చూడగానే వాళ్లమ్మ వెనక్కి తిరిగింది. గురువమ్మ ఆపలేదు. ఆ అమ్మాయే కదల్లేదు. గుమ్మంలో నిలబడి అందరం తట్టడం, వదలడం చూసింది. "నిజంగా వదులుతారా?" అని అడిగింది. గురువమ్మ, "వచ్చి చూసుకో" అంది.

మొదట నా చెయ్యి ఇచ్చాను. పట్టుకుంది. చాలా గట్టిగా పట్టుకుంది, మామయ్యా. నేను తట్టాను. వదల్లేదు. మళ్లీ తట్టాలి, రూలు. నేను తట్టలేదు. కానీ ఆ రోజు గురువమ్మ నీకు చెప్పింది గుర్తొచ్చింది, ఓర్చుకుంటే వాళ్లకి తెలియదని. అందుకని మళ్లీ తట్టాను. అప్పుడు వదిలింది.

తర్వాత తన చెయ్యి చాపింది. విరిగిన చెయ్యి కాదు, ఇంకోటి. "పట్టుకో" అంది. వాళ్లమ్మ చెప్పులు విప్పి లోపలికి వచ్చి నిలబడింది.

నేను పట్టుకున్నాను. వెంటనే తట్టింది. వదిలేశాను. మళ్లీ పట్టుకోమంది. మళ్లీ తట్టింది, వదిలాను. వేరే ఏమీ చేయనివ్వలేదు. నాతో మాట్లాడలేదు కూడా. మిగతావాళ్లు నీళ్లు తాగడానికి వెళ్లారు, వచ్చారు. సాయంత్రమంతా ఆ అమ్మాయి తడుతూనే ఉంది, నేను వదులుతూనే ఉన్నాను.

పిడుగు